రసం తాగకుండా పోయినోడు

"అవ్వా, ఆఫీసులో నేను పని ముందరేసుకుంటే సాలు, పక్కన కూర్చుని ఏదో ఒకటి అంటానే ఉంటారు. చెయ్యి ఆడదు. నువ్వైతే ఏం చేసుందువు?"

చేసుందునా? మే, చేసుండడం కాదు, చేసినాను. కూర్చో. ఆ చాప లాక్కో. అట్ల కాదు, గాలొచ్చే తట్టుకు. ఆఁ.

నీ పక్కన ఎంతమంది కూర్చుంటారు? ముగ్గురా? ముగ్గురికే నీ చెయ్యి ఆగిపోయిందా? నా పక్కన సగం ఊరు కూర్చునింది మే. ఊరికే కూర్చోలేదు. నా చెరుకు రసం తాగతా, నా నీడలో కాళ్ళు చాపుకోని, నన్నే ఎక్కిరించింది. నీ ఆఫీసోళ్ళు కాఫీ అన్నా సొంత దుడ్డు పెట్టి తాగతారు గదా? మర్యాదస్తులే, పాపం.

మీ తాతకు చెయ్యి ఇరిగిన యేడు అది. యుద్ధం రోజులు. యుద్ధం యాడో సముద్రం అవతల జరగతా ఉంటే కిరసనాయిలు ఈడ కరువు. చక్కెర కంట్రోలు. చక్కెర లేకపోయేతలికి బెల్లానికి మర్యాద వచ్చింది. అంతకు ముందు చిత్తూరు మండీకి బండి తోలుకోని పోతే, సావుకారి తలకాయ కూడా ఎత్తేవాడు కాదంట. 'యాడన్నా దించుకోండి, తర్వాత సూస్తాం' అనేవాడంట. ఆ యేడు బండికి ఎదురొచ్చి ఎద్దుల మొగాలు తుడిసినాడు. మనుషుల మొగం సూసినాడో లేదో నాకు తెలీదు, ఎద్దుల్ని మాత్రం పేరు పెట్టి పిలిసినాడంట.

మనది కార్వేటినగరం దోవలో కొండ కింద పల్లె గదా. చెరుకు ఒక మడి. కొట్టడం అయిపోయింది. గానుగ బిగించతా ఉండాడు మీ తాత. ఎద్దు బెదిరింది. ఎందుకు బెదిరిందో దానికే తెలీదు. గానుగ మాను గిర్రున తిరిగి ఈయన మోచేతి మింద పడింది. బండిలో పండేసి పుత్తూరుకు తోలకపోయినారు. ఎముక ఇరిగితే ఇంకెక్కడికి పోతాము? మద్రాసు నుంచి మోటార్లలో వచ్చేవాళ్ళు కూడా ఆడికే వచ్చేది. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, ఎదురు దబ్బలు. కట్టు కట్టి, కదలకుండా ఆడే ఉండాలన్నారు. ఈయనకు ఆడ మేనత్త ఇల్లు ఉండాది. కోడి కూర పెట్టినారంట దినామూ. ఎముక అతుక్కునేదానికంట. నిజంగా ఎముకకేనా అని అడగదామంటే ఇప్పుడు లేడు గదా చెప్పేదానికి, పోనీలే.

ఈడ మిగిలింది ఎవురు? నేను, మా అత్త, కొట్టిన చెరుకు. కొట్టిన చెరుకు ఎవురి చెయ్యి బాగయ్యేదాకా కాసుకోదు. ఎండ తగిలే కొద్దీ రసం పులుపెక్కతాది.

అప్పుడు దిగినాడు రంగప్ప. మా మామ తమ్ముడి కొడుకు. తమ్ముడి కొడుకైనా మీ తాత కంటే ముందర పుట్టినాడు, కాబట్టి నాకు బావ. మీసం ఉండాది, మీసం కంటే పొడుగు నోరు ఉండాది. మా అత్త ముందర గొంతు కూర్చుని, కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకోని, "పెద్దమ్మా, తమ్ముడు పడిపోయినాడు, నేను సచ్చిపోయినానా? గానుగ నేను ఆడిస్తా. పాకం నేను సూస్తా. సగం నాకు, సగం మీకు" అన్నాడు. సగమంటే ఏమనుకున్నావు? యేడాది పొడుగూ నీళ్ళు కట్టింది మేము, కలుపు తీసింది నేను. ఆయప్ప కష్టమంతా ఆ ఏడ్సిన నాలుగు చుక్కలే.

మా అత్తకు ఇయ్యాలని లేదు, సగం పోతాదని కడుపు మండింది. కానీ మొగదిక్కు లేదే అని భయం. అప్పుడు నేను తలుపు సాటు నుంచి అన్నాను, "పాకం నేను సూస్తాను అత్తా" అని. పుట్టింట్లో మా నాయన కాసేటప్పుడు తెడ్డు పక్కనే పెరిగినాను. మా అత్త నా తట్టు సూసిన సూపు ఉండాదే... అది సూపు కాదు, చీపురు. సూసి, రంగప్పతో అనింది, "తొలి పెనం దీనికి వదల్తా ఉండాను. అది చెడిందంటే గానుగ నీదే, సగం నీదే."

అదీ పందెం. తొలి పెనం.

పెనం అంటే దోసెల పెనం అనుకునేవు! ఇద్దరు మనుషులు పండుకునేంత. కింద గాడిపొయ్యి, ఎండిన చెరుకు పిప్పి వేసి మంట. రసం మరిగి మరిగి, మడ్డి తీసి తీసి, పాకం వస్తాది. నాలుగు తట్లా కడియాలు. ఆ కడియాల్లో కర్రలు దోపి నలుగురు ఒకేసారి ఎత్తి, పక్కన మాను తొట్టిలోకి వంచాల. రవంత ముందర వంచినావా, బెల్లం గట్టిపడదు, జిగురు కారతా ఉంటాది, ఈగలకు పండగ. రవంత ఆలస్యమయిందా, మాడి సేదు. ఆ రెంటికీ నడిమధ్యన ఉండే సేపు ఎంతనుకున్నావు? నువ్వు ఇప్పుడు ఆవులించినావే, అంత.

సరే. పొమ్మంటే పోయేవాళ్ళైతే నాకు కష్టమేముండాది? తరిమేసి పని చేసుకుందును. గానుగ కాడ అట్ల కుదరదు మే. గానుగ ఆడే కాడికి ఎవురొచ్చినా పొమ్మనకూడదు. దోవన పొయ్యేవాడు, బిచ్చగాడు, మనకు గిట్టనోడు, ఎవురైనా సరే. వచ్చినోనికి రసం పొయ్యాల, వచ్చినోడు తాగాల. పొయ్యకపోతే మనకు పాపం, తాగకుండా పోతే వానికి పాపం. సావు ఇంటికి పరిగెత్తే వాళ్ళు కూడా గానుగ కనపడితే నిలబడి, ఒక ముంత తాగి, మూతి తుడుసుకోని, అప్పుడు ఏడ్సేదానికి పొయ్యేవాళ్ళు. నేను కళ్ళారా సూసినాను.

కాబట్టి రంగప్ప పొద్దున్నే వచ్చినాడు. తమ్ముళ్ళు ఇద్దరు, వాళ్ళ సావాసగాళ్ళు ఇద్దరు. బదులు పనికి అంట. వాళ్ళ గానుగకు మీ తాత పోయినాడు గదా, దానికి బదులు. పెనం దించేది ఈ నలుగురే. అది గుర్తు పెట్టుకో. ఎనకాలనే రంగప్ప పెళ్ళాం నాగమ్మ, కుండ ఎత్తుకోని. ఆమె ఎనకాల ఊర్లో పని లేని ఆడోళ్ళు. తొలి పెనం ఎట్ల మాడతాదో సూసేదానికి వచ్చినారు. ఆ దినాల్లో టెంటు సినిమా సూడాలన్నా దుడ్డిచ్చి చిత్తూరు పోవాల గదా, ఇది ఊరికే.

రసం కుండ మా అత్త ముందర. ఒళ్ళో బిడ్డ మాదిరి పెట్టుకోనుండాది. ఆమె చేత్తో ముంచి పొయ్యాల్సిందే, ఇంకొకరు ముట్టుకునే దానికి లేదు. పొయ్యి కాడ మార్తమ్మ. పల్లె కొసన చర్చి పక్కన ఇల్లు ఆమెది. పిప్పి ఎయ్యడంలో ఆమె చెయ్యి పడితే మంట చెప్పినట్టు వినేది. పొయ్యి ఆమె చేతిలో, పెనం ముట్టుకుంటే మాత్రం మైల! మంటకు మైల లేదు సూడు. అదొక లెక్క, ఆ కాలం లెక్క.

నేను తెడ్డు పట్టుకోని పెనం ముందర నిలబడినాను. మొదలైంది.

"పెద్దమ్మా, కోడలు పాకం కాస్తాందా, పరీచ్చ రాస్తాందా? అంత గమ్మున నిలబడిందే!" రంగప్ప.

అందరూ నగినారు. నేను చదవతానని వాళ్ళకు భలే నవ్వు. నాకెవురు మే చదువు చెప్పినారు? మా అన్న బడికి పోయి వచ్చి గోడ మింద బొగ్గుతో రాసేవాడు, నేను పేడతో అలికే ముందర చదివి, అప్పుడు అలికేదాన్ని. అట్ల అచ్చరాలు వచ్చినాయి. పెళ్ళయినాక అంగట్లో చింతపండు కట్టిచ్చిన కాగితం, బెల్లం చుట్టిన కాగితం, అన్నీ చదివేదాన్ని. ఒక కథ సగం జీలకర్రలో దొరికితే, మిగతా సగం ధనియాల్లో దొరకతాదేమో అని యేడాది ఎదురు సూసేదాన్ని. నేను కాగితం విప్పితే సాలు, మా అత్త మొదలు పెట్టేది. "మొదలైంది దీని కలెట్రు పని. పొయ్యి మింద ఎసరు ఇంకిపోయినా దీనికి కానరాదు. రేపు మొగుడికి కూడా కాగితాలే వడ్డిస్తాది." ఆమె గొంతు ఊరి కొసదాకా వినపడతాది. ఆ గొంతు కింద కూర్చుని నేను చదివినాను. కళ్ళకు రెప్పలు దేవుడిచ్చినాడు. చెవులకు రెప్పలు ఇయ్యలేదు, అవి మా అత్త ఇచ్చింది నాకు. ఆమె అన్ని యేండ్లు అంత బాగా తిట్టకపోయి ఉంటే, ఆ పొద్దు రంగప్ప మాటలకు నేను సగం దోవలో పడిపోయి ఉందును.

కానీ ఒకటి. నేను గమ్మునుండే రకం కాదు, నీకు తెలుసు. బావ ముందర కోడలు నోరెత్తకూడదు, మొగం సూసి మాట్లాడకూడదు. సరే, బావతో మాట్లాడను. ఎద్దుతో మాట్లాడకూడదని ఎవురు చెప్పినారు?

రంగప్ప అన్నాడు, "పాకంలో అచ్చరాలు తేలతాయేమో సూడండ్రా, చదివి చెప్తాది."

నేను పెనం మింద నుంచి కన్ను తిప్పకుండా, గానుగ ఎద్దును అన్నాను, "ఏం ఎద్దా, పొద్దున్నుంచీ తిరిగిన చోటే తిరగతా ఉండావు, మళ్ళా బుస్సు బుస్సుమని అరుపొకటి. కళ్ళకు గంతలు కట్టినాము గానీ, ఆ మూతికి కట్టాల్సింది మరిసిపోయినాము."

మార్తమ్మ పొయ్యిలోకి తల దూర్చి నగింది. పొగకు దగ్గినట్టు.

"ఎద్దును అంటాందిలే" అన్నాడు రంగప్ప తమ్ముడు, పాపం, అన్నకు ధైర్యం చెప్తా. ఆ మాటతో మిగతా వాళ్ళకు కూడా అర్థమైపోయింది.

పొద్దు నడి నెత్తిన ఎక్కింది. రసం చిక్కబడింది. బుడగలు పెద్దవయినాయి. ఇంక మాట వింటే చెడిపోతాది అనే వేళ. ఆ వేళ రంగప్పకూ తెలుసు. పాకం తెలిసినోడే ఆయప్ప, తెలీనోడైతే అంత బాగా చెడగొట్టలేడు.

"దించండ్రా! మాడతా ఉండాది! వాసన రాలేదా మీకు?" అని ఒక్క అరుపు అరిసినాడు.

ఆడోళ్ళు అందరూ ముక్కు పైకెత్తినారు. "అవును మే, మాడు వాసన" అనింది ఒకామె. "నాకూ వస్తాంది" అనింది ఇంకొకామె. ఒకరికి వస్తే అందరికీ వస్తాది, అది ముక్కు గుణం కాదు, మంద గుణం. ఆ నలుగురూ కర్రలు తీసుకోని లేసినారు కూడా. నేను ముంతలో చల్ల నీళ్ళు పెట్టుకోనుండాను. తెడ్డు కొసన చుక్క తీసి నీళ్ళలో వదిలినాను. ఏళ్ళతో పట్టుకుంటే తీగ మాదిరి సాగింది. ఇంకా కావాల. ఉండ కట్టాల, ముంతకు కొడితే టక్కుమనాల.

"కాలేదు అత్తా" అన్నాను. అంతే. ఎవురి తట్టూ తిరగలేదు.

"మొండిది" అన్నారు. "పొగరు" అన్నారు. నాగమ్మ మాత్రం కుండలో రసం పోయించుకోని, ఇంకో ముంత తాగతా ఉండాది. ఆమెను ఇంట్లో తాగనిచ్చేవాడో లేదో.

ఇంక వినుకో. రంగప్ప లేసి గానుగ ఎనక్కు పోయినాడు. ఎద్దు తాడు సూసేదానికో, దేనికో. రవంత సేపు కానరాలేదు. మళ్ళా వచ్చినాడు, ఊరికే రాలేదు, తల కొట్టుకుంటా వచ్చినాడు.

"పెద్దమ్మా! పుత్తూరు నుంచి మనిషొచ్చినాడు పెద్దమ్మా! తమ్ముడి చెయ్యి చీము పట్టిందంట. తీసేయాలంట. మోచేతి కాడికి తీసేయాలంట!"

నేను నమ్మేసినాను మే. ఆ మాట నేను దాచను. మీ తాత కుడి చెయ్యి నాకు కళ్ళ ముందర కనపడింది, ఊరికే కాదు, సంగటి కలిపే చెయ్యి కనపడింది. ఆడోళ్ళు "అయ్యయ్యో" అని లేసినారు. మా అత్త గుండెలు కొట్టుకుంటా ఉండాది, "నా కొడకా, నా రత్నమా" అని.

నా చెయ్యి తిరగతానే ఉండాది. తెడ్డు ఆగలేదు.

"సూసినారా, రాతి గుండె! మొగుడి చెయ్యి పోతాందంటే కన్నీళ్ళు కూడా పెట్టలేదు!"

పెట్టలేదు. కన్నీళ్ళు పెడితే పాకం కనపడదు గదా. నేను లోపల ఏమనుకుంటా ఉండానో తెలుసా? అది అబద్ధం అని నేనేం కనుక్కోలేదు. అంత తెలివి ఆ నిమిషంలో నాకు లేదు. నిజమే అనుకున్నాను. నిజమే అయితే, నేను ఈడ నుంచి పరిగెత్తి పుత్తూరు పోయేతలికి పొద్దు గూకతాది. పోయి నేను చేసేదేముండాది, ఆ చెయ్యి నేను అతికిస్తానా? చెయ్యి లేని మొగుడికి బెల్లం లేని ఇల్లు కూడా చూపించాల్నా? అని. అంతే. తెడ్డు తిప్పినాను. ఏడ్సాల్సిన ఏడుపు ఉండాదిలే, యాడికి పోతాది, పెనం దించినాక ఏడుద్దాం అనుకున్నాను.

బుడగ మారింది. పైన నురగ కుంగి, మధ్యలో నుంచి దబదబామని లేస్తా ఉండాది. చుక్క తీసి నీళ్ళలో వదిలినాను. ఉండ కట్టింది. ముంతకేసి కొట్టినాను. టక్కుమనింది.

"దించండి!"

నలుగురూ కర్రలు పట్టుకోని నిలబడినారు. ఎవురూ కదల్లేదు. నా తట్టు సూడలేదు, వాళ్ళ అన్న తట్టు సూసినారు. రంగప్ప ఒక చెయ్యి ఎత్తి, "ఉండండ్రా. ఇంకా కాలేదు" అన్నాడు. మెల్లగా అన్నాడు. పొద్దున్నుంచీ అరిసిన గొంతు, ఆ మాట మాత్రం ఎంత మెత్తగా అన్నాడనుకున్నావు!

అప్పుడు భయపడినాను మే నేను. తిట్టేటప్పుడు భయపడలేదు, ఎక్కిరించేటప్పుడు భయపడలేదు. నలుగురు మనుషులు చేతిలో కర్రలు పెట్టుకోని గమ్మున నిలబడితే, అప్పుడు ఒళ్ళు చల్లబడింది. నేను కన్ను తిప్పకుండా నిలబడగలను, అంత పెనం ఒంటి చేత్తో ఎత్తగలనా?

"మార్తమ్మా, మంట లాగెయ్!" అన్నాను. ఆమె ఒక్క మాట అడగలేదు. మండే పిప్పి అంతా పొయ్యిలో నుంచి బయటకు ఈడ్సేసింది, కాళ్ళ మింద నిప్పులు పడినా సూడలేదు. దాంతో రవంత సేపు దొరికింది, అంతే. కాలిన పొయ్యికి వేడి పోదు గదా.

ఇదంతా జరగతా ఉంటే, మా అత్త ఏడుపు ఎందుకో ఆగింది. ఆగి, ముక్కు చీదుకోని, అడిగింది.

"ఎవురు రా వచ్చింది?"

"పుత్తూరు మనిషి పెద్దమ్మా."

"యాడ?"

"పోయినాడు. బిరీన పోవాలన్నాడు. గానుగ ఎనకాలే నిలబడి చెప్పి, అట్లే..."

"రసం తాగినాడా?"

చెప్పినాను గదా, కుండ ఆమె ముందర ఉండాది. తాగినాడు అంటే ఎవురు పోసినారు అంటాది. రంగప్ప మీసం ఒకసారి అటూ ఇటూ కదిలింది.

"లేదు పెద్దమ్మా... తొందరలో..."

ఆడోళ్ళందరూ ముంతలు నోటి కాడ పెట్టుకోని అట్లే సూస్తా ఉండారు. గానుగ దాకా వచ్చినాడంట. ఎండలో పుత్తూరు నుంచి వచ్చినాడంట. రసం తాగకుండా పోయినాడంట! ఊర్లో పసిబిడ్డ కూడా నమ్మని మాట. చెయ్యి తీసేస్తారు అంటే నమ్మినారు, తల తీసేస్తారన్నా నమ్ముతురు. రసం తాగకుండా పోయినోడు ఉండాడంటే మాత్రం ఎట్ల నమ్మేది?

మా అత్త లేసింది. ఆ లేయడం ఉండాదే...

"నీ నోట్లో దుమ్ము పొయ్యా! నా కొడుకు చెయ్యి నరికితే గానీ నీకు సగం రాదా రా? సావు కబురు తెచ్చేవాడు కూడా నా చేతి రసం తాగి చెప్తాడు రా, నీ పుత్తూరు మనిషి గాలి తాగి పోయినాడా?" తిట్టతానే వచ్చి, రంగప్ప తమ్ముడి చేతిలో కర్ర లాక్కునింది. వాడు ఇచ్చేసినాడు. ఆమె అడిగితే ప్రాణం కూడా ఇచ్చేసుందురు, అట్లుండాది మొగం. "ఏమే దరిద్రపుదానా, నోరు తెరుసుకోని సూస్తా ఉండావు, పట్టు కర్ర!" అది నాకు. "మార్తా, ఆ కొస పట్టు!"

"పెద్దమ్మా, ఆమె ముట్టుకుంటే ఆ బెల్లం ఎవురు తింటారు?" అన్నాడు రంగప్ప. అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు సూడు.

"మాడినాక ఎవురు తింటారు రా?" అనింది మా అత్త.

ముగ్గురమయినాము. నాలుగో కొస ఖాళీ. మా అత్త చుట్టూ సూసి, నాగమ్మ మింద నిలిపింది కళ్ళు. "ఏమ్మే నాగీ, పొద్దున్నుంచీ నా రసం కుండెడు తాగినావు గదా. అరిగేదానికైనా పట్టు!"

నాగమ్మ మొగుడి తట్టు సూసింది. కుండ కింద పెట్టింది. వచ్చి పట్టుకునింది. ఎందుకు పట్టుకునిందో ఆమె ఎప్పుడూ నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎత్తినాము. ఎట్ల ఎత్తినామో తెలీదు. మా అత్త ఎత్తినంత సేపూ తిడతానే ఉండాది, రంగప్పను కాదు, నన్ను. "సక్కగా పట్టు, వంకరదానా, పుట్టింట్లో సంగటి పెట్టలేదా నీకు." తొట్టిలోకి వంచినాము. పడతానే తెలిసిపోయింది నాకు. తేనె రంగు. తొట్టిలో తెడ్డు తిప్పతా ఉంటే గట్టిపడతా ఉండే చప్పుడు ఉంటాది, గరగరమని. ఆ చప్పుడు వినినాక అప్పుడు ఏడ్సినాను. చెప్పినాను గదా, పెనం దించినాక అని. మొగుడి చెయ్యి బాగుండాదని తెలిసినాక ఏడ్సినాను మే, ఊరోళ్ళకు అది కూడా తప్పే అయింది. "ముందర ఏడవలేదు, ఇప్పుడు ఏడుస్తాంది, దీని లెక్కే వేరు" అన్నారు.

తొలి ముద్ద పొయ్యి కాడ పసుపు పిళ్ళారికి, అదే వినాయకుడికి, పెట్టినాము. తర్వాత ఆడుండే అందరికీ. అది కూడా గానుగ మర్యాదే, ఎవురినీ వదలకూడదు. మా అత్త అరిటాకు ముక్కలో వేడి వేడి ముద్ద పెట్టి రంగప్ప చేతికిచ్చింది. "తిను. తిని, ఎవురు ముట్టుకున్నారో చెప్పు."

తిన్నాడు! నాలిక కాలినా ఊసెయ్యలేదు. వేడి బెల్లం ముందర ఆచారం ఎంతసేపు నిలబడతాది? తమ్ముళ్ళు కూడా తిన్నారు. రెండోసారి చెయ్యి చాపినారు కూడా.

మర్నాడు ఊర్లో ఏం చెప్పుకున్నాడో విను. "నేను ఉండండ్రా అన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అది ముందరే దించేసి చెడగొట్టి ఉండును" అన్నాడంట. ఒకామె పరిగెత్తుకోని వచ్చి నాతో చెప్పింది, నేను పోయి జుట్టు పట్టుకుంటానని ఆశ. నేను ఆమెకు రసం పోసినాను. రెండో పెనం మరగతా ఉండాది, నాకు యాడ తీరిక?

మీ తాత వచ్చినాడు, కట్టుతో, మెడకు గుడ్డ ఏలాడేసుకోని. దోవలోనే ఎవురో చెప్పేసినారు, 'మీ ఇంటిది పెనం మాడ్సేసింది, గానుగ రంగప్పకు పోయింది' అని. మొగం ఏలాడేసుకోని బండి దిగినాడు. చూస్తే సావిట్లో బెల్లం వరసగా పేర్సి ఉండాది. ఎడమ చేత్తో ఒక ముక్క ఇరిసి నోట్లో ఏసుకోని, చప్పరించి, కళ్ళు మూసుకోని, అన్నాడు గదా, "అమ్మా, ఎంత బాగా కాసినావు!"

మంచిమనిషే పాపం. పుత్తూరులో తిన్న కోడి కూర ఎముకకు పోయింది గానీ తలకాయకు పోలేదు.

మా అత్త తమలపాకుకు సున్నం పూస్తా ఉండాది. తల కూడా ఎత్తలేదు.

"నేను తిట్టినాను. కాసింది అది" అనింది.

అంతే మే. నన్ను మెచ్చుకోవడం ఆమె జన్మలో అదొక్కటే. సాయంత్రానికి మళ్ళా మొదలు పెట్టేసింది, కాగితం పట్టుకున్నానని. ఆ యేటి పెనాలన్నీ నేనే కాసినాను. చెయ్యి బాగయినాక కూడా మీ తాత ఎద్దుల్నే తోలినాడు, తెడ్డు తట్టు రాలేదు. ఇప్పుడు మీ తాత, మా అత్త, రంగప్ప, అందరూ పోయినారు. నేనొక్కదాన్నే ఉండాను, ఎక్కిరించేదానికి ఎవురూ లేకుండా.

ఇంక నీకు ఏమని దీవించేది? పక్కన కూర్చుని వాగేవాళ్ళు ఉండకూడదని దీవిస్తే అది జరిగే పని కాదు. వాగనీ. నువ్వు దించండి అనే వేళకు నీ దగ్గర ఒక చెయ్యి ఉండాల తల్లీ. తిట్టతా పట్టుకునే చెయ్యైనా సరే. నవ్వు మొగంతో నిలబడి సూసే నాలుగు చేతులు నీకు వద్దు.

లే. సంగటి ఆరిపోతా ఉండాది. ఊరిబిండి పచ్చడి ఆ గిన్నెలో ఉండాది, నూనె ఏసుకో. ఆ కాగితాలేవో తెచ్చినావు గదా ఆఫీసువి, తింటా సూసుకో. నేను మాట్లాడతానే ఉంటాను, నాకేం పని. మా అత్త మాదిరి తిడతాను కూడా, కావాలంటే. నా మాట నీకు వినపడలేదనుకో, నీ చెవులకూ రెప్పలు వచ్చినట్టే.